మచ్చిక ఎరగని పిల్లి

వీధిలో పుట్టి, మనిషి చేయి తగలకుండా పెరిగిన పిల్లిని ఇంటికి తెచ్చుకున్నవారిలో చాలామంది మొదటి వారం గడవకముందే అది మొండిదనో, పొగరుబోతుదనో, తిండి పెట్టినవారి మీద విశ్వాసం లేనిదనో ఒక అభిప్రాయానికి వస్తారు. మంచం కిందినుంచి బయటికి రాకపోవడం, పళ్లెం పెట్టే చేతిని చూసి బుసకొట్టడం, ఇంటిల్లిపాదీ నిద్రపోయాక మాత్రమే తిండి ముట్టడం, కిటికీ ఊచల దగ్గర రాత్రంతా అరవడం చూసినప్పుడు అలా అనిపించడం సహజమే. అయితే ఈ ప్రవర్తన అంతటికీ మూలం భయం. ఎలుకకూ పిట్టకూ పిల్లి మృత్యువే అయినా, కుక్కల గుంపు ముందు అది ఒక చిన్న ప్రాణి మాత్రమే. అందుచేత పారిపోయే దారి, దాక్కునే చోటు ఎక్కడున్నాయో తెలిసినంతవరకే అది నెమ్మదిగా ఉంటుంది. నాలుగు గోడల మధ్యకు తెచ్చి తలుపు వేయగానే ఆ రెండూ దానికి ఒకేసారి లేకుండా పోతాయి. వాటిని తిరిగి దానికి సమకూర్చడమే ఇంటివారి మొదటి పని. ముద్దుచేయడం చాలా తరువాతి మాట.

అపార్ట్‌మెంట్ సెల్లార్లలోనూ, చేపల మార్కెట్ల వెనుకా, హాస్టళ్ల వంటశాలల దగ్గరా తిరిగే పిల్లులు పైకి ఒకేలా కనిపించినా అవన్నీ ఒక తీరువి కావు. కొన్ని ఒకప్పుడు ఇళ్లలో పెరిగి, ఎవరో వదిలేయడం వల్లనో, దారి తప్పడం వల్లనో వీధిన పడినవి. ఇవి మొదట బెదిరినా, కొద్ది రోజులకే తోక నిటారుగా లేపి దగ్గరికి వస్తాయి, మనిషి కళ్లలోకి చూసి మ్యావుమంటాయి. రెండో రకం పిల్లులకు మనిషితో సహవాసమే లేదు. ఇవి పొట్ట నేలకు ఆనించి గోడవారగా నడుస్తాయి, చూపు కలిస్తే ఆగిపోతాయి, మనుషుల వైపు తిరిగి అరవడం బహు అరుదు. మ్యావుమనడం ప్రధానంగా కూనలు తల్లిని పిలిచే పిలుపు కావడం, పెద్దయ్యాక కూడా ఆ పిలుపును మనిషి కోసం అట్టిపెట్టుకునేవి మనిషిని తమవాడిగా ఎరిగిన పిల్లులే కావడం దీనికి కారణం. ఈ వ్యాసం ఆ రెండో రకాన్ని గురించినది.

మూడోది వీధిపిల్లే కాదు. చెరకు తోటల్లో, గడ్డిబీళ్లలో, చెరువుగట్ల తుప్పల్లో బతికే అడవిపిల్లి వేరే జాతి జంతువు. శాస్త్రనామం ఫెలిస్ కౌస్. పొడవైన కాళ్లు, నల్లటి పట్టీలున్న పొట్టి తోక, చెవుల కొసన సన్నని వెంట్రుకల కుచ్చు దాని గుర్తులు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న ఈ జంతువును పెంచుకోవడం నేరం. చెరకు నరికేటప్పుడు దీని కూనలు దొరికితే ఇంటికి తెచ్చి పాలు పట్టడం వాటికి మేలు చేయడం కాదు. ఉన్నచోటే వదిలి అటవీశాఖకు తెలియజేస్తే, రాత్రివేళ తల్లి వచ్చి వాటిని నోట కరుచుకొని తీసుకుపోయే అవకాశం ఎక్కువ.

పెంపుడు పిల్లికి పూర్వీకురాలు పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా ప్రాంతాల మరో జాతి అడవిపిల్లి ఫెలిస్ లిబికా. సైప్రస్ ద్వీపంలోని షిలూరోకాంబోస్ అనే చోట దాదాపు 9,500 ఏళ్ల నాటి సమాధి ఒకటి బయటపడగా, అందులో మనిషి అస్థిపంజరానికి మూరెడు దూరంలోనే ఒక పిల్లి అస్థిపంజరం కనిపించిందని 2004లో పరిశోధకులు ప్రకటించారు. మనిషితో ఇంత పాత పరిచయం ఉన్నప్పటికీ, కుక్కలాగా మనిషి ఆజ్ఞకు లోబడటం కోసం తరతరాలుగా ఏరి పెంచబడిన చరిత్ర పిల్లికి లేదు. ధాన్యం ఉన్నచోట ఎలుకలు, ఎలుకలున్నచోట పిల్లులు చేరాయి. మనిషి వాటిని ఉండనిచ్చాడు. కనుకనే పిల్లి ప్రతి తరంలోనూ, ప్రతి కూన విషయంలోనూ మనిషిని కొత్తగా ఎరగవలసి వస్తుంది, ఆ ఎరుకకు దాని జీవితంలో కేటాయించిన కాలం చాలా చిన్నది.

ఆ కాలాన్ని జంతుప్రవర్తన శాస్త్రంలో సాంఘికీకరణ దశ అంటారు. ఎవరు తనవారు, ఎవరు శత్రువులు అన్నది పసి మెదడు నేర్చుకొనే దశ అని దాని అర్థం. అమెరికాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో ఐలీన్ కార్ష్ 1980ల్లో చేసిన ప్రయోగాల వల్ల, పిల్లి కూనలకు ఈ దశ సుమారుగా రెండో వారం నుంచి ఏడో వారం వరకు ఉంటుందని, ఆ రోజుల్లో మనుషులు చేతుల్లోకి తీసుకొని నిమిరిన కూనలు పెద్దయ్యాక మనిషి దగ్గరికి తేలికగా వస్తాయని, ఆ గడువు దాటాక చేరదీసినవి అంతగా రావని తెలిసింది. సాండ్రా మెక్‌క్యూన్ 1995లో ప్రచురించిన మరొక పరిశోధన ఇంకో సంగతిని తేల్చింది. కూనల పెంపకంలో ఏ పాత్రా లేని, అసలు వాటి కంటికే కనిపించని గండుపిల్లి స్వభావం సైతం కూనల ధైర్యంలో కనిపిస్తుంది. నెమ్మదైన తండ్రికి పుట్టినవి కొత్త మనుషుల దగ్గరా, కొత్త వస్తువుల దగ్గరా తక్కువ బెదురుతాయి. ఒకే ఈతలో పుట్టిన రెండు కూనలలో ఒకటి పది రోజుల్లో ఒళ్లోకి ఎక్కితే మరొకటి నెలలు గడిచినా బీరువా వెనుకే ఉండిపోవడాన్ని చూసి, తమ పెంపకంలో లోపం వెతుక్కునేవారు ఈ సంగతి తెలుసుకోవడం మంచిది. ఆడపిల్లి ఒకే ఈతలో ఒకటికి మించిన గండుపిల్లుల కూనలను కనగలదు కనుక ఆ రెండు కూనల తండ్రులు వేరు కావచ్చు.

దీనినిబట్టి ఒక విషయం దాచకుండా చెప్పవలసి ఉంది. ఎనిమిది వారాల లోపు కూన దాదాపు ఎప్పుడూ ఇంటిపిల్లి కాగలదు. నాలుగైదు నెలల పిల్లకు అవకాశం ఉంది, ఓపిక కావాలి. ఏళ్ల తరబడి వీధిలో బతికిన పెద్దపిల్లి విషయంలో మాత్రం దానికి ఇల్లు కావాలా అన్న ప్రశ్న ముందుగా వేసుకోవాలి. గాయపడినదో, చూపు పోయినదో, కూలగొడుతున్న భవనంలో చిక్కుకున్నదో అయితే ఇంటికి తేవడమే మార్గం కావచ్చు. ఆరోగ్యంగా, తిండి దొరికేచోట తిరుగుతున్న పెద్దపిల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, రేబిస్ టీకా చేయించి, గుర్తుగా ఒక చెవి కొసను కొద్దిగా కత్తిరించి పాత చోటే వదలడం ఎక్కువ దయగల పని. ఆడపిల్లి నాలుగైదు నెలల వయసుకే ఎదకు రాగలదు, గర్భకాలం సుమారు తొమ్మిది వారాలే. ఈ లెక్కన ఆపరేషన్‌ను వాయిదా వేయడం వల్ల కలిగే నష్టం ఏమిటో విడమరచి చెప్పనక్కరలేదు.

ఇంటికి తేవాలని నిర్ణయించుకున్నాక మొదటి మజిలీ పశువుల డాక్టరు దగ్గర. పిల్లిని మెడపట్టుకొని గోనెసంచిలో వేసే పద్ధతి దానికీ, పట్టేవారికీ ప్రమాదకరం. చేపముక్క ఎరగా పెట్టిన బోను వాడి, తలుపు పడగానే బోనుమీద మందపాటి దుప్పటి కప్పితే చీకటిలో అది త్వరగా శాంతిస్తుంది. టీకాలు, నులిపురుగుల మందు, ఆపరేషన్, రక్తపరీక్షలు వీలైనంతవరకు ఆపరేషన్ కోసం ఇచ్చిన మత్తులో ఉన్నప్పుడే పూర్తిచేయిస్తే, ఇల్లు చేరాక మళ్లీ పట్టి హింసించే అవసరం రాదు. పిల్లి కరిచినా, రక్తం వచ్చేలా గీరినా చిన్న గాయమేనని వదిలేయకూడదు. రేబిస్ కుక్కల వల్లనే గాక పిల్లుల వల్ల కూడా సోకుతుంది కనుక, గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి టీకా విషయం తేల్చుకోవాలి. సూదుల్లాంటి పిల్లి కోరలు క్రిములను కండలోతుకు దింపుతాయి, అందువల్ల పైకి చుక్కంత కనిపించే గాయమే మర్నాటికి చేయి వాచేలా చేస్తుంది.

ఇంట్లో ఆ పిల్లికి మొదట ఒక్క గది చాలు. ఇల్లంతా ఇస్తే స్వేచ్ఛ ఇచ్చినట్టని భావించడం పొరపాటు. ఎరగని చోటు ఎంత పెద్దదైతే కాపలా కాయవలసిన దిక్కులు అంత ఎక్కువ. హాలు పనికిరాదు, వంటింటి పక్కగది అసలే పనికిరాదు. మనిషి చెవికి వినిపించే ధ్వనులు 20 వేల హెర్ట్జ్‌తో ఆగిపోతే పిల్లి చెవి 60 వేలు దాటిన ధ్వనిని కూడా పట్టుకుంటుంది; ఎలుకల కీచుమాటలు వినడానికి ఏర్పడిన ఆ చెవికి ప్రెషర్ కుక్కర్ ఈల, మిక్సీ మోత, పళ్లెం జారిపడ్డ చప్పుడు ఎలా ఉంటాయో ఊహించుకోవచ్చు. లోపలిగా ఉన్న ఒక పడకగదిని ఎంచుకొని, పిల్లి చొరబడితే తీయలేని సందులను, ముఖ్యంగా బీరువా వెనుక ఖాళీని, మంచం అడుగు అరను ముందుగానే మూసి, వాటి బదులు మనిషి కంటికి అందే దాపును సమకూర్చాలి. బోర్లించి, పక్కన రంధ్రం కోసిన అట్టపెట్టె చాలు. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయం వారు ఒక సంరక్షణ కేంద్రానికి కొత్తగా వచ్చిన 19 పిల్లులను గమనించి 2014లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, దాక్కునే పెట్టె ఇచ్చిన పిల్లులలో ఒత్తిడి మొదటి రోజుల్లోనే తగ్గింది, ఇవ్వనివాటికి ఆ స్థితికి రావడానికి ఎక్కువ కాలం పట్టింది. దాక్కోనిస్తే ఎప్పటికీ బయటికి రాదేమోనన్న ఇంటివారి భయానికి ఇది సమాధానం. పెట్టెతోపాటు, ఎక్కి కూర్చునే ఎత్తయిన అర ఒకటి ఉండాలి. పైనుంచి గదిని చూడగలిగిన పిల్లి కిందనున్న మనిషిని తక్కువ శంకిస్తుంది.

కిటికీలు, బాల్కనీల సంగతి వేరుగా చూసుకోవాలి. న్యూయార్క్‌లో ఎత్తయిన భవనాలమీదినుంచి పడి చికిత్సకు వచ్చిన 132 పిల్లుల గురించి 1987లో వెలువడిన నివేదికలో, వాటిలో ఎక్కువ భాగం బతికాయన్న మాట ప్రసిద్ధమైంది గాని, ఛాతీ గాయాలు, దవడ పగుళ్లు, విరిగిన కాళ్ల గురించిన భాగాన్ని జనం మరిచిపోతారు. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం ఫ్లాట్లలో పావురాల కోసం కట్టే నైలాన్ వల పిల్లి పళ్లకు, గోళ్లకు ఎంతోకాలం ఆగదు. బయటికి పోవాలని తపించే వీధిపిల్లి ముందు అసలే ఆగదు. సన్నకళ్ల ఇనుప జాలీ బిగించేవరకు బాల్కనీ తలుపు మూసి ఉంచడమే క్షేమం.

తెలుగు ఇళ్లలో శుభ్రత పేరిట జరిగే ఒక పని పిల్లి ప్రాణం మీదికి తేగలదు. ఫినాల్ జాతి రసాయనాలను విడగొట్టి బయటికి పంపే ఎంజైమ్ వ్యవస్థ పిల్లి కాలేయంలో చాలా బలహీనంగా ఉంటుంది. ఫినాయిల్‌తో తుడిచిన నేల ఆరకముందే దానిమీద నడిచిన పిల్లి, అలవాటుగా పాదాలు నాక్కొని, నేలమీది మందును కడుపులోకి తీసుకుంటుంది. ఆ గదిని సబ్బునీటితో తుడిస్తే చాలు. ఇదే బలహీనత వల్ల మనిషి జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ మాత్రలో చిన్న ముక్క సైతం పిల్లిని చంపుతుంది. కుక్కల గోమార్లకు వాడే పెర్మెథ్రిన్ మందు, బట్టల పెట్టెలోని నాఫ్తలీన్ గోళీలు కూడా దానికి విషాలే; ఉల్లి, వెల్లుల్లి దాని రక్తకణాలను దెబ్బతీస్తాయి కనుక మనుషుల కోసం వండిన మాంసం కూర మిగిలిందని పిల్లికి పెట్టకూడదు.

పాలన్నం, పెరుగన్నం పెట్టి పిల్లిని సాకడం పాత అలవాటు. పూర్వం అది చెల్లిందంటే, కావలసిన మాంసాన్ని పిల్లి తన వేటతో తానే సంపాదించుకునేది కాబట్టి. తలుపులు మూసిన ఫ్లాట్‌లో ఆ అవకాశం లేదు. పిల్లి శరీరం టారిన్ అనే పోషకాన్ని తనకు చాలినంతగా తయారుచేసుకోలేదు, అది దొరికేది మాంసంలో, చేపల్లో. టారిన్ కొరత వల్ల కంటి వెనుకపొర క్షీణించడం ముందునుంచీ తెలిసినదే కాగా, గుండె కండరం సాగి బలహీనపడే జబ్బుకు కూడా అదే కారణమని 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖ పరిశోధకులు నిరూపించారు. ఎదిగిన పిల్లులలో చాలావాటికి పాలలోని చక్కెర అరగక విరేచనాలు పట్టుకుంటాయి. వీధిపిల్లి కొత్త రకం గుళికల ఆహారాన్ని మొదట ముట్టకపోవచ్చు కనుక, ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చేపతోనో, కోడిమాంసంతోనో మొదలుపెట్టి, పెట్ షాపుల్లో దొరికే సంపూర్ణాహారాన్ని కొంచెంకొంచెంగా అందులో కలుపుతూ పోవాలి. మొదటి రోజు తినకపోయినా కంగారు అక్కర్లేదు. రెండు రోజులు దాటినా పళ్లెం ముట్టకపోతే మాత్రం డాక్టరును అడగాలి, ఎందుకంటే పస్తున్న పిల్లి ఒంట్లోని కొవ్వు కరిగి కాలేయంలో పేరుకుపోయి ప్రాణాంతకమవుతుంది.

మలమూత్రాల విషయంలో వీధిపిల్లి ఇంటివారిని ఊహించినంత ఇబ్బంది పెట్టదు. తవ్వి కప్పడం దానికి పుట్టుకతో వచ్చిన పని. మొదట్లో వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో అది ఎరిగిన ఇసుక, మట్టి పోసి, తిండికి దూరంగా ఒక మూల పెట్టి, తరువాత క్రమంగా దుకాణంలో కొన్న లిట్టర్‌లోకి మార్చవచ్చు. రోజూ ఎత్తివేయడం ముఖ్యం. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి పిల్లి మలంలో ఉన్నా, అది సోకే స్థితికి రావడానికి ఒకటినుంచి ఐదు రోజులు పడుతుంది, అందుచేత ఏ రోజుది ఆ రోజే తీసివేసే ఇంట్లో ప్రమాదం బాగా తగ్గుతుంది. గర్భిణులు మాత్రం ఈ పనిని ఇంట్లో మరొకరికి అప్పగించాలి.

ఇవన్నీ అమరిన తరువాత నమ్మకం మాట వస్తుంది. ఇక్కడ పిల్లికి ఇవ్వదగినవాటిలో ముందుగా చెప్పుకోవలసింది క్రమం. ఒకే మనిషి, ఒకే వేళకు, ఒకే తీరున తలుపు తట్టి, ఒకే మెత్తని గొంతుతో పలకరించి లోపలికి రావడం, పళ్లెం పెట్టి నేలమీద గోడకు ఆనుకొని పక్కకు తిరిగి కూర్చోవడం, పుస్తకమో పేపరో చిన్నగా పైకి చదువుకోవడం, కొంతసేపటికి లేచి వెళ్లిపోవడం: చూసేవారికి ఏమీ జరగనట్టుండే ఈ నిత్యకృత్యం వల్లనే పిల్లికి మనిషి రాకపోకలు ముందుగా తెలిసిన సంగతులవుతాయి. పళ్లేన్ని దగ్గరికి జరపడానికి తొందర పనికిరాదు. పిల్లి తింటూ తింటూ తలెత్తి చూడటం మానిందంటే, ఆ మర్నాడు బెత్తెడు జరపవచ్చు. తినకుండా వెనక్కి తగ్గిందంటే మళ్లీ పాత చోటుకు మార్చాలి. నిలబడి వంగి చూడటం, రెప్ప వేయకుండా కళ్లలోకి చూడటం పిల్లుల మధ్య తగవుకు సూచన. దానికి మారుగా, దూరం నుంచి కళ్లు సగం మూసి, నిదానంగా పూర్తిగా మూసి, మళ్లీ తెరిచి, ముఖం పక్కకు తిప్పుకోవాలి. ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2020లో ప్రచురించిన ప్రయోగాలలో, మనిషి ఇలా నిదానంగా రెప్పలార్చినప్పుడు పిల్లులు తామూ కళ్లు చికిలించి బదులివ్వడం, ఆ తరువాత చేయి చాపిన ఆ అపరిచిత వ్యక్తి దగ్గరికి ఎక్కువగా రావడం నమోదయింది. మంచం కింద ముడుచుకున్న పిల్లి మొదటిసారి అలా రెప్ప వాల్చిన రోజును ఇంటివారు శుభదినంగానే లెక్కించుకోవచ్చు.

స్పర్శకు ముందు వాసన రావాలి. తన ముక్కుకు జానెడు లోపల ఉన్నదేదీ పిల్లి కంటికి స్పష్టంగా ఆనదు, అది దాన్ని ముక్కుతో, మీసాలతో గుర్తిస్తుంది. కనుక చేయి పైనుంచి దించకుండా, ముక్కు ఎత్తుకు కాస్త దిగువన, ఒక వేలు మడిచి అడుగు దూరంలో నిలిపి ఉంచితే, వచ్చేదీ రానిదీ పిల్లి నిర్ణయించుకుంటుంది. వచ్చి బుగ్గ రుద్దితే ఆ బుగ్గమీద, చెవి ముందర, గడ్డం కింద రెండుసార్లు నిమిరి చేయి వెనక్కి తీసుకోవాలి. వాసన గ్రంథులు ఉన్న ఆ చోట్లనే తాకడం పిల్లికి ఇష్టం, తోక మొదలు, పొట్ట ముట్టుకోవడం సాధారణంగా ఇష్టముండదు. తోక కొస విదిలించడం, వీపుమీది చర్మం అలలా కదలడం, చెవులు పక్కలకు తిరగడం చాలించమన్న మాటలు. అక్కడ ఆగిన చేతిని పిల్లి గుర్తుంచుకుంటుంది. ఆగని చేతిని అంతకన్నా బాగా గుర్తుంచుకుంటుంది. గీరిందని కొట్టినా, నీళ్లు చిలకరించినా, శుభ్రం చేయాలని బలవంతంగా స్నానం చేయించినా నెలల శ్రమ ఒక్క పూటలో వృథా అవుతుంది. ఆడించడానికి చేతివేళ్లు వాడకుండా కర్రకు కట్టిన తాడు, చివర ఈక చాలు. సంధ్యవేళల్లో చురుకెక్కడం పిల్లి స్వభావం కాబట్టి, రాత్రి పడుకోబోయే ముందు కాసేపు ఆడించి అప్పుడు తిండి పెడితే అర్ధరాత్రి అరుపులు తగ్గుతాయి.

గదిలో తోక ఎత్తి నడవడం మొదలయ్యాక, ఇల్లంతా సద్దుమణిగిన వేళ తలుపు తెరిచి ఉంచి, పక్కగదిలోకి తానే వెళ్లి తానే తిరిగివచ్చే వీలు కల్పించాలి. ఇంట్లో ముందే మరో పిల్లి ఉంటే, పరీక్షల ఫలితాలు వచ్చేవరకు రెంటినీ వేరుగా ఉంచి, ఆ తరువాత కూడా ఒకదాని పక్కగుడ్డను మరొకదాని దగ్గర పరిచి వాసనలు అలవాటు చేశాకే ఎదురుపడనివ్వాలి. బంధువులు దిగే పండగరోజుల్లో, దీపావళి టపాసుల రాత్రుల్లో మొదటి గదీ, పాత పెట్టే మళ్లీ అవసరమవుతాయి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే బుట్టను తలుపు తీసి, లోపల పాతగుడ్డ పరిచి ఎప్పుడూ ఆ గదిలోనే ఉంచితే అది పడకగా మారి, ఏటా టీకా రోజున పెనుగులాట తప్పుతుంది.

కూనలకు ఇదంతా కొన్ని వారాల పని, పెద్దపిల్లులకు నెలలు, ఒక్కోసారి ఏడాది పైమాటే. చివరికి కూడా అది ఇంట్లో ఒక్కరినే నమ్మవచ్చు, ఒళ్లో కూర్చోకుండా ఒకే గదిలో ఆమడ దూరాన పడుకోవడంతో సరిపెట్టుకోవచ్చు. తన అంతట తాను వచ్చి ఆ దూరంలో పడుకున్నదంటే ఆ పిల్లి ఇల్లు చేరినట్టే లెక్క. అయితే కొన్ని పెద్దపిల్లులు ఎన్ని నెలలైనా రాత్రివేళ తప్ప కదలవు, ఒళ్లు నాక్కోవడం మానేస్తాయి, ఊచలకు ముక్కు రాసుకొని పుండు చేసుకుంటాయి. వాటిని గదిలో ఉంచడం ఇంటివారి కోరికే గాని పిల్లి క్షేమం కాదు. పాత చోట తిండి పెట్టేవారు ఇంకా ఉంటే అక్కడికే చేర్చవచ్చు. లేనిపక్షంలో పల్లెల్లో పశువుల కొట్టమో, ధాన్యం గోడౌనో, పెరడున్న ఇల్లో చూసి, అక్కడి యజమాని తిండికీ వైద్యానికీ ఒప్పుకున్నాక, రెండునుంచి నాలుగు వారాలు ఆ ఆవరణలోనే పెద్ద బోనులోగాని మూసిన కొట్టులోగాని ఉంచి, ఆ చోటి వాసనలూ చప్పుళ్లూ అలవాటయ్యాక తలుపు తీయాలి. ఆ గడువు పాటించకుండా వదిలిన పిల్లి పాత చోటు వెతుక్కుంటూ రోడ్లవెంట పడుతుంది.